రొనాల్డ్ ఎన్‌గాలా దేశాన్ని చీల్చబోయారా? కెన్యా ‘మజింబో’ ఉద్యమంపై ఒక సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కెన్యా స్వాతంత్ర్య చరిత్ర చదువుతుండగా రొనాల్డ్ ఎన్‌గాలా పేరు మీకు రెండు రకాలుగా ఎదురైంది. ఒక చోట ఆయనను ప్రాంతీయ స్వపరిపాలన (మజింబో) కోరిన తొలితరం నాయకుడని రాశారు. మరొక చోట తెల్ల భూస్వాముల అండ చూసుకుని దేశాన్ని తెగల వారీగా ముక్కలు చేయబోయిన వ్యక్తి అని రాశారు. ఈ రెండింటిలో ఏది నమ్మాలి, అంత పట్టుదలతో సాధించుకున్న ఏర్పాటును 1964లో ఆయనే ఎందుకు వదులుకున్నారు, 2010 రాజ్యాంగం ఇచ్చిన కౌంటీలను (సొంత ప్రభుత్వాలున్న, జిల్లాల వంటి ప్రాంతాలను) ఆయన గెలుపుగా చెప్పుకోవచ్చా అని మీరు అడిగారు.

ముందుగా సూటిగా సమాధానం చెబుతాను. ఎన్‌గాలా వేర్పాటువాది కారు. కెన్యా ఒకే దేశంగా ఉండాలనే ఆయన మొదటి నుంచి చివరి వరకు అన్నారు. తెల్ల భూస్వాములతో ఆయన పార్టీ చేతులు కలపడం మాత్రం నిజమే, దాన్ని దాచవలసిన అవసరం లేదు. కానీ ఆ పొత్తు కుదరడానికి చాలా ముందే, తీరప్రాంతపు భూమి సమస్య నుంచి ఆయన కోరిక పుట్టింది. ఇక 1964లో ఆయన పార్టీని రద్దు చేసుకోవడానికి కారణం మనసు మారడం అనుకోను. ప్రాంతాలకు అధికారాలు కాగితం మీద వచ్చాయి. వాటిని నడిపించే డబ్బు, ఉద్యోగులు, పోలీసులు కేంద్రం చేతిలోనే ఉండిపోయారు. ఆ స్థితిలో ఏడాదిన్నర గడిచేసరికి ఆయన దగ్గర పోరాడడానికి సాధనమేదీ మిగలలేదు.

నేను విశ్వవిద్యాలయంలో సమాఖ్య వ్యవస్థల తులనాత్మక అధ్యయనం చాలా కాలం బోధించాను. ఆ పాఠ్యాంశంలో కెన్యా ప్రతి ఏటా ఉండేది. ఎన్‌గాలా గురించి మీరు చదివిన రెండు అభిప్రాయాలూ విద్యార్థుల వ్యాసాల్లో నాకు తరచుగా కనిపించేవి. రెండూ ఆయన జీవితాన్ని 1960 నుంచి మొదలుపెడతాయి. అక్కడే చిక్కు వస్తుంది, కాబట్టి నేను కొంత వెనక్కి వెళ్తాను.

రొనాల్డ్ గిడియన్ ఎన్‌గాలా 1923లో హిందూ మహాసముద్ర తీరానికి కొంత లోపల, నేటి కిలిఫి కౌంటీలోని గోతానిలో, గిరియామా సమాజంలో పుట్టారు. తీరప్రాంతంలో తొమ్మిది దగ్గరి సమాజాలను కలిపి మిజికెండా అంటారు. గిరియామాలు వారిలో పెద్ద సమూహం. కలోలెనిలోని మిషన్ పాఠశాలలోను, తరువాత దేశంలోనే పేరున్న అలయన్స్ హైస్కూల్‌లోను చదివి, ఉగాండాలోని మకెరెరెలో ఉపాధ్యాయ శిక్షణ పొందారు. తిరిగి వచ్చి బడిపంతులుగా, మొంబాసాలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేశారు. 1949లో తన ప్రజల నేల గురించి, ఆచారాల గురించి స్వాహిలీ భాషలో ఒక చిన్న పుస్తకం రాశారు. ఈ చివరి విషయాన్ని చాలామంది దాటవేస్తారు. రాజకీయాల్లోకి రాకముందే, ఏ పార్టీ అవసరమూ లేని రోజుల్లోనే, ఆ మనిషి ఆలోచన తన ఊళ్ల చుట్టూ, అక్కడి నేల చుట్టూ తిరుగుతోందని అది చూపుతుంది.

ఆ నేల సంగతి వివరంగా చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు.

కెన్యా తీరం వెంట పది మైళ్ల వెడల్పున్న పట్టీ పేరుకు జాంజిబార్ సుల్తాన్‌ది. 1895లో బ్రిటన్ దాన్ని పరిపాలించే హక్కును ఏటా సొమ్ము చెల్లించే షరతుపై తీసుకుంది. 1920లో లోపలి భూభాగాన్ని వలసరాజ్యంగా ప్రకటించినప్పుడు కూడా ఈ పట్టీ వేరుగా, రక్షిత ప్రాంతంగానే ఉండిపోయింది. 1908లో వచ్చిన భూమి పట్టాల చట్టం ఈ పట్టీలోని వారు తమ భూమిని రుజువులతో నమోదు చేసుకోవాలని ఆదేశించింది. అరబ్బు, స్వాహిలీ కుటుంబాలు, కొందరు భారతీయ, ఐరోపా కొనుగోలుదారులు ఆ విధంగా పట్టాలు పొందారు. కాగితాలు లేకుండా తరతరాలుగా ఉమ్మడిగా సాగుచేసుకుంటున్న మిజికెండాలకు ఆ దారి మూసుకుపోయింది. ఎవరూ నిరూపించుకోని భూమి సర్కారు భూమి అయింది. దాని ఫలితంగా తాత ముత్తాతలు కొబ్బరి, జీడిమామిడి పెంచిన నేల మీదే మనవలు ఆక్రమణదారులుగా లెక్కకు వచ్చారు.

అంతకు కొద్దికాలం తరువాత, 1913, 1914 సంవత్సరాల్లో, గిరియామాలు వలస ప్రభుత్వాన్ని ఎదిరించారు. తోటల్లో కూలికి మనుషులను పంపమని, సబాకి నది ఉత్తరపు ఒడ్డును ఖాళీ చేయమని ప్రభుత్వం ఒత్తిడి చేసింది. మెకటిలిలి వా మెంజా అనే స్త్రీ ఊరూరా తిరిగి ప్రజలతో ప్రమాణాలు చేయించింది. ఆ తిరుగుబాటును తుపాకులతో అణచివేశారు. ఆమెను దేశానికి అవతలి కొసన ఉన్న కిసీకి తరలించారు. ఎన్‌గాలా పుట్టేనాటికి ఇది గడిచి పదేళ్లు కూడా కాలేదు. ఆయన పెరిగిన ఇళ్లలో భూమి పోవడమన్నది పెద్దలు కళ్లతో చూసి చెప్పిన సంగతి.

1957 మార్చిలో ఆఫ్రికన్లు తొలిసారి ఓటు వేసి ఎనిమిది మందిని శాసనమండలికి పంపారు. టామ్ ఎంబోయా, ఓగింగా ఒడింగా, మసిండే ములిరో, డేనియల్ అరప్ మోయి వంటి వారితో పాటు తీరప్రాంతం నుంచి ఎన్‌గాలా ఎన్నికయ్యారు. మీరు చదివిన ఆరోపణతో పోల్చి చూడవలసిన వాస్తవం ఒకటి ఇక్కడ ఉంది. 1960 ఆరంభంలో లండన్‌లోని లాంకాస్టర్ హౌస్‌లో జరిగిన మొదటి రాజ్యాంగ సమావేశానికి వెళ్లిన ఆఫ్రికన్ సభ్యుల బృందానికి నాయకత్వం వహించింది ఎన్‌గాలాయే. ఎంబోయా ఆ బృందానికి కార్యదర్శి. ఆఫ్రికన్లకు శాసనమండలిలో మెజారిటీ దక్కడానికి బాట వేసిన ఆ సమావేశంలో వారంతా ఒకే మాట మీద నిలిచారు. అప్పటికి మజింబో అనే నినాదం లేదు. స్వాహిలీలో ప్రాంతాలను మజింబో అంటారు. ప్రాంతీయ ప్రభుత్వాల ఏర్పాటుకు అదే పేరుగా తరువాత స్థిరపడింది.

చీలిక అదే సంవత్సరం మే నెలలో వచ్చింది. కియాంబులో జరిగిన సభలో కెన్యా ఆఫ్రికన్ నేషనల్ యూనియన్ (కానూ) ఏర్పడింది. సభలో లేని ఎన్‌గాలాను కోశాధికారిగా, మోయిని సహాయ కోశాధికారిగా ఎన్నుకున్నారు. ఇద్దరూ ఆ పదవులను తీసుకోలేదు. కికుయు, లువో అనే రెండు పెద్ద సమాజాల నాయకుల చేతిలో ఆ పార్టీ ఉందని, మిగిలిన వారిని అలంకారానికి చేర్చుకున్నారని వారు భావించారు. జూన్‌లో నైరోబీ దగ్గరి ఎన్‌గాంగ్‌లో కలెంజిన్, మసాయి, తీరప్రాంత సంఘాలు, ములిరో పార్టీ కలిసి కెన్యా ఆఫ్రికన్ డెమోక్రటిక్ యూనియన్ (కాడూ) స్థాపించుకున్నాయి. దానికి ఎన్‌గాలా అధ్యక్షుడయ్యారు.

ఇప్పుడు తెల్ల భూస్వాముల అండ అనే ఆరోపణకు వస్తాను. 1961 ఫిబ్రవరి ఎన్నికల్లో కానూ 19 స్థానాలు గెలిచింది, కాడూ 11 గెలిచింది. ఓట్లలో కానూ ఆధిక్యం ఇంకా ఎక్కువ. అయితే స్వాతంత్ర్యోద్యమ నాయకుడు జోమో కెన్యాట్టాను నిర్బంధం నుంచి విడుదల చేసేవరకు ప్రభుత్వం ఏర్పరచబోమని కానూ పట్టుబట్టింది. ఆ ఖాళీలో, ఏప్రిల్‌లో, ఎన్‌గాలా ప్రభుత్వాన్ని ఏర్పరచడానికి ఒప్పుకున్నారు. మైకేల్ బ్లండెల్ నాయకత్వంలోని తెల్లవారి న్యూ కెన్యా పార్టీ, కెన్యా ఇండియన్ కాంగ్రెస్ ఆయనకు మద్దతిచ్చాయి. అవి చాలనప్పుడు గవర్నరు నామినేటెడ్ సభ్యులను చేర్చి బలం చూపించారు. ప్రజలు తక్కువ ఓట్లు వేసిన పార్టీని గవర్నరు గద్దె మీద కూర్చోబెట్టారన్న విమర్శకు ఇది పూర్తి ఆధారం, ఆ విమర్శ న్యాయమైనదే. ఎన్‌గాలా పక్షాన చెప్పవలసింది కూడా ఒకటుంది. కెన్యాట్టాకు గటుండులో ఇల్లు కట్టించి, 1961 ఆగస్టులో ఆయన విడుదలయ్యే వరకు వ్యవహారం నడిపింది ఆ ప్రభుత్వమే.

ఆ సంవత్సరం ద్వితీయార్ధంలోనే కాడూ మజింబో ప్రణాళికను బయటపెట్టింది. స్విట్జర్లాండ్ రాజ్యాంగాన్ని వారు ముందు పెట్టుకున్నారు. ప్రణాళిక రచనలో తెల్ల రాజకీయ నాయకుల చేయి ఉందన్నది వాస్తవం. కేంద్రం బలంగా ఉంటే రిఫ్ట్ లోయలోని తమ భూములు పోతాయని వారి భయం. కానీ ఒకే ప్రణాళిక వెనుక మూడు వేర్వేరు భయాలు ఉన్నాయని గుర్తించకపోతే ఎన్‌గాలా అర్థం కారు. తెల్లవారికి తమ పొలాల గురించి భయం. కలెంజిన్, మసాయి నాయకులకు, తెల్లవారు విడిచిపోయే భూముల్లోకి కికుయు రైతులు వచ్చి స్థిరపడతారనే భయం. ఎన్‌గాలాకు, మొంబాసా రేవు ఉద్యోగాలు, తీరప్రాంతపు భూములు మళ్లీ బయటివారి నిర్ణయానికే వెళ్తాయనే భయం. మొదటిది ఆస్తి ఉన్నవారి ఆందోళన, మూడవది ఆస్తి పోగొట్టుకున్నవారి ఆందోళన. ఈ రెండూ ఒకే పత్రం మీద సంతకం చేశాయి. ఎన్‌గాలా రాజకీయ జీవితంలోని అసలు బలహీనత అదేనని నా అభిప్రాయం: తన ప్రజల సమస్యకు ఆయన ఎన్నుకున్న మిత్రుల్లో చాలామందికి ఆ సమస్య పరిష్కారం అవసరం లేదు.

ఆయన వేర్పాటువాది కారని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఆయన ఉపన్యాసాలు కావు, తన సొంత తీరంలో ఆయన తీసుకున్న వైఖరి. అదే సమయంలో తీరపట్టీలో ‘మ్వంబావో’ అనే ఉద్యమం నడిచింది. పది మైళ్ల పట్టీకి స్వయంప్రతిపత్తి ఇవ్వాలని, లేదా జాంజిబార్‌తో కలపాలని, అరబ్బు, స్వాహిలీ ప్రముఖులు కోరారు. నిజంగా దేశం నుంచి విడిపోవాలనుకునే నాయకుడికి ఇంతకంటే అనువైన సమయం దొరకదు, ఎందుకంటే చట్టప్రకారం ఆ పట్టీ వలసరాజ్యంలో భాగమే కాదు. ఎన్‌గాలా ఆ ఉద్యమాన్ని వ్యతిరేకించారు. ఆ పట్టీ విడిపోతే మిజికెండాలు పాత పట్టాదారుల కిందే ఉండిపోతారు. ఆయన కోరింది పట్టీని, లోపలి ప్రాంతాన్ని కలిపిన ఒక తీరప్రాంతం. అది కెన్యాలో అంతర్భాగం. అందులో సంఖ్యలో అధికులైన మిజికెండాల మాట చెల్లాలి. 1961లో సర్ జేమ్స్ రాబర్ట్‌సన్ కమిషన్ పట్టీని కెన్యాలోనే కలపాలని సిఫారసు చేసింది.

ఇక్కడ విషాదకరమైన పరిణామం ఒకటి జరిగింది. 1963 అక్టోబరులో కెన్యా, జాంజిబార్ ప్రభుత్వాల మధ్య కుదిరిన అవగాహనలో ఖాజీ న్యాయస్థానాలతో పాటు, పట్టీలో అప్పటికే ఉన్న యాజమాన్య పట్టాలను కూడా గుర్తిస్తామని కెన్యాట్టా ప్రభుత్వం హామీ ఇచ్చింది. 1908 నాటి అన్యాయానికి స్వతంత్ర దేశపు ముద్ర కూడా పడింది. తీరప్రాంతంలో భూమి లేనివారి సమస్య ఈనాటికీ తెగకపోవడానికి మూలకారణాల్లో ఈ హామీ ఒకటి.

1962 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు లాంకాస్టర్ హౌస్‌లో జరిగిన రెండవ సమావేశంలో మజింబోకు ఒప్పందం కుదిరింది. ఆ తరువాతి సంకీర్ణ ప్రభుత్వంలో కెన్యాట్టా, ఎన్‌గాలా సమాన హోదాలో మంత్రులుగా కూర్చున్నారు. నైరోబీ కాక ఏడు ప్రాంతాలు ఏర్పడ్డాయి. మొదట ఆరుగా గీసి, సోమాలీలు అధికంగా ఉన్న ఈశాన్య భాగాన్ని 1963లో ఏడవదిగా చేర్చారు. ప్రతి ప్రాంతానికి ఒక శాసనసభ, ఒక అధ్యక్షుడు. జిల్లాకొకరు చొప్పున 41 మంది సభ్యులతో సెనేట్. ప్రాంతాల హక్కులను ముట్టుకోవాలంటే సెనేట్‌లో 90 శాతం మంది ఒప్పుకోవాలి. చదివినప్పుడు ఇంతకంటే గట్టి రక్షణ ఉండదనిపిస్తుంది. కానీ కానూ దీనికి ఒప్పుకున్నది స్వాతంత్ర్యం త్వరగా రావాలని. అధికారం చేతికి వచ్చాక మార్చుకోవచ్చునన్న ఆలోచనను ఆ పార్టీ పెద్దలు తరువాత దాచుకోలేదు.

నా తరగతిలో ఈ భాగాన్ని ఉపన్యాసంగా చెప్పేవాడిని కాను. 1963 రాజ్యాంగంలో ప్రాంతాలకు ఇచ్చిన అధికారాల పట్టికను విద్యార్థులకు ఇచ్చి, ఒక్కొక్క అధికారం పక్కన మూడు ప్రశ్నలకు సమాధానం రాయమనేవాడిని: దీనికి డబ్బు ఎవరిస్తారు, దీన్ని అమలు చేసే ఉద్యోగికి జీతం, బదిలీ ఎవరి చేతిలో ఉన్నాయి, వివాదం వస్తే పోలీసు ఎవరి మాట వింటాడు? పట్టికలో బడులు, ఆసుపత్రులు, స్థానిక పాలన, భూమి లావాదేవీలు ఉన్నాయి. పక్కన రాసిన సమాధానాలు మాత్రం మళ్లీ మళ్లీ నైరోబీకే చేరేవి. ఎన్‌గాలా పతనాన్ని వారు ఆ కాగితం మీదే గుర్తుపట్టేవారు. తేదీలు తరువాత చెబితే సరిపోయేది.

ఆ తేదీలు ఇవి. 1963 మే ఎన్నికల్లో కానూ స్పష్టంగా గెలిచింది. జూన్ 1న అంతర్గత స్వపరిపాలన వచ్చింది, కెన్యాట్టా ప్రధానమంత్రి అయ్యారు. ఎన్‌గాలా జాతీయ సభలో ప్రతిపక్ష నాయకుడు, తీరప్రాంత శాసనసభకు అధ్యక్షుడు. రిఫ్ట్ లోయకు మోయి అధ్యక్షుడు. ప్రాంతాలకు అధికారాల బదిలీని కేంద్రం సాగదీసింది. సొంతంగా పన్ను వేసుకునే మార్గాలు ప్రాంతాలకు చాలా తక్కువ. కేంద్రం నుంచి రావలసిన సొమ్ము మీదే జీతాలు, బడులు ఆధారపడ్డాయి, ఆ సొమ్ము బిగబట్టి వచ్చేది. వలసపాలన నాటి కమిషనర్ల యంత్రాంగం, అంటే జిల్లాల్లో నిజంగా పని జరిపించే మనుషులు, నైరోబీ ఆదేశాల కోసమే ఎదురుచూశారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో లండన్‌లో చివరి సమావేశం జరిగింది. పోలీసు, ఉద్యోగ నియామకాలను కేంద్రం చేతికి మార్చాలని, రాజ్యాంగ సవరణను సులువు చేయాలని కానూ కోరింది. వలస వ్యవహారాల మంత్రి డంకన్ శాండీస్ చాలావరకు ఒప్పుకున్నారు. సభల్లో కావలసినంత మెజారిటీ రాకపోతే ప్రజాభిప్రాయ సేకరణలో మూడింట రెండు వంతుల ఓట్లతో సవరించుకునే దారి తెరుచుకుంది. కాడూలో కొందరు ఆగ్రహంతో దేశ విభజన మాట ఎత్తింది అప్పుడే. ఎన్‌గాలా మీద వేర్పాటు ముద్ర పడడానికి ఆ కొద్ది రోజులే ప్రధాన కారణం. ఆ బెదిరింపు అమలు కాలేదు, దాన్ని అమలు చేయడానికి ఆయన ప్రయత్నించనూ లేదు.

1963 డిసెంబరు 12న స్వాతంత్ర్యం వచ్చింది. 1964 పొడవునా కాడూ సభ్యులు ఒక్కొక్కరుగా ప్రభుత్వ పక్షానికి వెళ్లారు. దానికి ఆశ ఒక్కటే కారణమని కొట్టిపారేయకండి. ప్రతిపక్షంలో ఉన్న నియోజకవర్గానికి రోడ్డు రాదు, బడి రాదు, తెల్లవారి భూములను పంచే సెటిల్‌మెంటు పథకంలో భూమి రాదు అని ఓటర్లే వారికి చెప్పారు. ప్రాంతాలను బలహీనపరిచే సవరణ సభల్లో ఓడితే ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్తానని కెన్యాట్టా ప్రకటించారు. దేశవ్యాప్త ఓటులో కాడూ గెలిచే అవకాశం లేదు. 1964 నవంబరు 10న ఎన్‌గాలా పార్టీని రద్దు చేసి, తన సభ్యులతో ప్రభుత్వ పక్షంలో చేరుతున్నట్లు ప్రకటించారు. నెల తిరిగేసరికి కెన్యా గణతంత్రం అయింది. 1965లో సవరణకు కావలసిన మెజారిటీని 65 శాతానికి తగ్గించారు. తరువాత సెనేట్‌ను జాతీయ సభలో కలిపేశారు. ప్రాంతాలు మళ్లీ పాత ప్రావిన్సులయ్యాయి.

దీన్ని లొంగుబాటు అనాలా అని విద్యార్థులు అడిగేవారు. నేను దాన్ని లొంగుబాటే అంటాను, అయితే మరో మార్గం ఉండి కూడా లొంగారనను. ఒక విషయంలో మాత్రం ఆయన్ను నేను తప్పుపడతాను. 1962లో బేరమాడే బలం చేతిలో ఉన్నప్పుడు ఆయన పక్షం తన శక్తిలో అధిక భాగం సవరణ నిబంధనలను బిగించడం మీద పెట్టింది. ఆదాయంలో ప్రాంతాలకు నిర్దిష్టమైన వాటా రాయించుకోవడం మీద అంత పట్టు చూపలేదు. తాళం బలంగా వేసి, గోదాములో ధాన్యం పోయించుకోవడం మరిచినట్లయింది.

ఇది కెన్యాకే పరిమితమైన అనుభవం కాదు. గోల్డ్‌కోస్ట్‌లో (నేటి ఘానా) 1954లో కుమాసీ కేంద్రంగా పుట్టిన నేషనల్ లిబరేషన్ మూవ్‌మెంట్, బఫూర్ అకోటో నాయకత్వంలో, అసాంటే ప్రాంతానికి సమాఖ్య కోరింది. 1957లో ఘానా స్వతంత్రమైనప్పుడు ప్రాంతీయ సభల హామీ వచ్చింది, కొద్దికాలానికే ఆ సభలు పోయాయి. ఉగాండాలో 1962లో బుగాండా రాజ్యానికి ఇచ్చిన సమాఖ్య హోదా 1966, 1967ల్లో రద్దయింది. దిగిపోయే వలసపాలకుడి సమక్షంలో తీసుకున్న హామీని, అతను వెళ్లిపోయాక అమలు చేయించేవారు లేకపోవడం ఈ మూడు చోట్లా కనిపిస్తుంది. అందుకే ఎన్‌గాలా వ్యక్తిగత బలహీనతలతోనే మజింబో పతనాన్ని వివరించే వ్యాసాలకు నేను తక్కువ మార్కులు వేసేవాడిని.

తెలుగు విద్యార్థులు చాలామంది ఈ పాఠం వినగానే 1956 పెద్దమనుషుల ఒప్పందాన్ని గుర్తుచేసేవారు. హామీలు ఒకరి చేతిలో, అమలు మరొకరి చేతిలో ఉండడం వరకు ఆ పోలిక నిలుస్తుంది. అంతకు మించి లాగకూడదు. తెలంగాణ కోరింది అప్పటికే ఉన్న సమాఖ్యలో ఒక ప్రత్యేక రాష్ట్రం. ఎన్‌గాలా కోరింది ఇంకా పుట్టని దేశాన్ని సమాఖ్యగా పుట్టించడం. రెండవ పనిలో మధ్యవర్తిగా నిలిచే కేంద్రమే ఉండదు, ఎందుకంటే ఆ కేంద్రాన్ని గెలుచుకున్న పక్షమే ఎదుటి కక్షిదారు.

పార్టీ రద్దు తరువాతి కథ చిన్నది. 1966లో లిమురు సమావేశంలో కానూ ప్రావిన్సుకొకరు చొప్పున ఎనిమిది మంది ఉపాధ్యక్షులను ఏర్పరచినప్పుడు తీరప్రాంతం నుంచి ఎన్‌గాలా ఎన్నికయ్యారు. అదే సంవత్సరం మంత్రివర్గంలో చేరారు. 1972 డిసెంబరులో నైరోబీ, మొంబాసా రహదారి మీద కొంజా దగ్గర ఆయన కారు ప్రమాదానికి గురైంది. ఆ నెల 25న ఆసుపత్రిలో మరణించారు. కారులోకి తేనెటీగలు రావడంతో అదుపు తప్పిందని డ్రైవరు చెప్పాడు. తీరప్రాంతంలో ఆ మాటను నమ్మనివారు చాలామంది ఉన్నారు. ఆ అనుమానాన్ని నిజంగా రాసే వ్యాసాలు మీకు కనిపిస్తాయి. వాటిని ఆధారంగా తీసుకోవద్దని నా సలహా.

మజింబో అనే మాట తరువాత మోసిన మచ్చను ఎన్‌గాలాకు అంటగట్టకండి. 1991లో బహుళపార్టీ వ్యవస్థ కోసం ఒత్తిడి పెరిగినప్పుడు రిఫ్ట్ లోయలో కొందరు అధికారపక్ష నాయకులు సభలు పెట్టి, మజింబో పేరుతో బయటివారిని వెళ్లగొట్టాలన్నారు. దాని వెంట హింస చెలరేగింది, ఇళ్లు తగలబడ్డాయి, ప్రాణాలు పోయాయి. 1997లో మొంబాసా పక్కన లికోనిలో కూడా లోపలి ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడినవారి మీద దాడులు జరిగాయి. ఆ అనుభవాల తరువాత సామాన్య కెన్యా పౌరుడికి ఆ మాట వింటేనే భయం పుట్టడం సహజం. అయినా 1960ల కాడూ రాజకీయాల్లో ఈ బీజం అసలు లేదని కూడా నేను అనలేను. ప్రాంతం అంటే అక్కడ నివసించే అందరిదీ అన్న అవగాహన, ప్రాంతం అంటే అక్కడ పుట్టిన సమాజానిదే అన్న అవగాహన, రెండూ ఆ పార్టీలో పక్కపక్కనే ఉండేవి. ఎన్‌గాలా వాటిని విడదీసి చెప్పవలసినంత గట్టిగా చెప్పలేదు. ఆయన పట్ల గౌరవం ఉన్నవారు కూడా ఈ లోపాన్ని ఒప్పుకోవాలి.

చివరిగా కౌంటీల గురించి. 2010 ఆగస్టు 27న అమలులోకి వచ్చిన రాజ్యాంగం 47 కౌంటీలను ఏర్పరచింది. 2013 మార్చిలో ప్రజలు తొలిసారి గవర్నర్లను ఎన్నుకున్నారు. జాతీయ ఆదాయంలో కనీసం 15 శాతం కౌంటీలకు వెళ్లాలని రాజ్యాంగమే చెబుతోంది, వాటాలను సిఫారసు చేయడానికి ఒక ప్రత్యేక కమిషన్ ఉంది, కౌంటీల తరఫున మాట్లాడే సెనేట్ తిరిగి వచ్చింది. 1963 పట్టికకు నేను విద్యార్థులతో వేయించిన మూడు ప్రశ్నలను 2010 పాఠానికి వేస్తే, డబ్బు గురించిన మొదటి ప్రశ్నకు ఈసారి స్పష్టమైన జవాబు దొరుకుతుంది. ఉద్యోగి గురించిన రెండవ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది: కౌంటీకి సొంత సిబ్బంది ఉన్నారు, వారి పక్కనే నైరోబీ నియమించిన కౌంటీ కమిషనరు కూడా ఉన్నారు. పోలీసు ఇంకా కేంద్రానిదే.

అందువల్ల ఇది ఎన్‌గాలా కోరినది పూర్తిగా దక్కడం కాదు. ఆయన కోరిన ఒకే తీరప్రాంతం ఇప్పుడు మొంబాసా, క్వాలే, కిలిఫి, టానా రివర్, లాము, టైటా టవేటా అనే ఆరు కౌంటీలుగా ఉంది. ఒక్కొక్కటీ చిన్నది కావడం వల్ల కేంద్రాన్ని ఎదిరించే శక్తి తక్కువ. దేశాన్ని చీలుస్తుందన్న భయమూ ఆ మేరకు తక్కువ. 2010లో ఈ ఏర్పాటును దేశం అంగీకరించడానికి అది కూడా ఒక కారణమని నేను అనుకుంటాను. భూమి విషయంలో మాత్రం కౌంటీల చేతికి వచ్చింది స్వల్పం. ప్రభుత్వ భూముల నిర్వహణ జాతీయ భూమి కమిషన్‌ది. పాత పట్టాలు పట్టాలుగానే ఉన్నాయి. కిలిఫిలో, క్వాలేలో పట్టా లేకుండా సాగుచేసుకుంటున్న కుటుంబాలు ఇప్పటికీ ఖాళీ చేయమనే నోటీసులకు భయపడుతూ బతుకుతున్నాయి. మీరు ఈ అంశంపై వ్యాసం రాస్తున్నట్లయితే, ఎన్‌గాలా గెలిచారా ఓడారా అన్న ప్రశ్నను రెండుగా విడదీసి రాయండి: ఆదాయపు వాటా విషయంలో ఆయన వాదన దాదాపు యాభై ఏళ్ల తరువాత గెలిచింది, తీరప్రాంతపు భూమి విషయంలో ఇంకా గెలవలేదు.